ఓనర్ల కిటికీ

నమోదు 2206, మంగళవారం

మా గృహ బోర్డులో యంత్రం జవాబు రాస్తుంది, మనిషి చదివి వేలిముద్ర వెయ్యాలి. కింద "ఈ జవాబు ఎందుకిచ్చారు?" అని జానెడు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ నింపాలని నియమం. పదకొండేళ్ళుగా నింపుతున్నాను, ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. అందుకని ఇవాళ్టి నించీ నాకు తోచింది రాస్తాను. ఎవడైనా చదివితే వచ్చి అడగనీ.

నా పేరు ముక్తేశ్వరి. ఎగువపాలెం గృహ బోర్డులో మూడో కిటికీ. ఇళ్ళు అద్దెకిచ్చే ఓనర్ల సందేహాలు తీర్చడం నా పని.

ఇవాళ మొదటి సందేహం ఒక పెద్దమనిషిది. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. "పోర్షన్ అద్దెకిచ్చే ముందే మా ఆవిడ చేత ఆ పొయ్యి మీద పాలు పొంగించేశాననుకోండి. పొంగు మాదే అవుతుంది కదండీ? అద్దెకొచ్చినవాళ్ళు ఎన్నాళ్ళున్నా చుట్టాల కిందే లెక్క కదా?"

చూశారా బుర్ర! కాగితాలు, సంతకాలు, ముఖాలు, గొంతులు అన్నీ యంత్రాలు అచ్చుగుద్దినట్టు పుట్టించడం మొదలెట్టాక, ఏ ఇంట్లో ఎవరుండాలో తేల్చలేక కోర్టులు చేతులెత్తేశాయి. అప్పుడెవరో జడ్జీగారు, మనవాళ్ళు అద్దింట్లో దిగినా పాలు పొంగించే దిగుతారు కదా, దాన్నే రుజువు చేసేద్దాం అన్నాడట. ప్రతి పొయ్యి కిందా బోర్డు పలక వేసింది. పాలు పొంగి పలక మీద పడ్డప్పుడు గిన్నె మీద ఎవరి చెయ్యుంటే వాళ్ళకి ఆ ఇంట్లో ఉండే హక్కు. దాన్నే పొంగు అంటాం. పొంగున్నవాళ్ళని ఓనరు ఊరికే వెళ్ళగొట్టలేడు. ఉన్న ఒక్క మంచి చట్టం అదే, దాని చుట్టూ ఈగల్లా వీళ్ళు.

"కుదరదండీ," అన్నాను. "ఒక మనిషికి ఒక్క పొంగే. మీ ఆవిడ అక్కడ పొంగిస్తే మీ సొంతింట్లో ఆవిడే చుట్టం అవుతుంది."

ఆయన చొక్కా సవరించుకున్నాడు. "అయితే మా అమ్మ చేత పొంగిస్తానండీ," అన్నాడు.

ఛీ.

నమోదు 2209, గురువారం

పొద్దున్న పదింటికి సైరన్ మోగితే సాయంత్రం అయిదింటిదాకా బయట అడుగు పెట్టకూడదు. పెడితే ఎండకి రోడ్డు మీదే పోతారు. సైరన్ ముందు బోర్డులోకి దూరిన ఓనర్లు సాయంత్రందాకా హాల్లోనే కూర్చుంటారు. చల్లగా ఉంటుంది కదా. ఊరికే కూర్చోలేక నన్ను సందేహాలు అడుగుతారు.

"మా అద్దెవాళ్ళింటికి చుట్టాలొస్తే ఎన్నాళ్ళుండచ్చు?" పదిహేను రోజులండీ. "స్నానాలు కూడా మా ఇంట్లోనేనా?" కాదమ్మా, రోడ్డు మీద చెయ్యమను.

"వాళ్ళు లేనప్పుడు పోర్షన్లోకి వెళ్ళి చూడచ్చా?" ఒకరోజు ముందు చెప్పి, వాళ్ళున్నప్పుడు వెళ్ళచ్చు. "చెబితే సర్దేస్తారు కదండీ, ఇంక చూడ్డానికేముంటుంది?"

"మీరేవిట్లు అని అడగచ్చా?" అడక్కూడదు, శిక్ష ఉంది. "అడక్కుండా తెలుసుకోడం ఎలాగో చెప్పండి మరి." ఇది అడిగినావిడ మా చిన్నప్పుడు నాతో చదువుకుంది. బడిలో నా డబ్బాలోది తినేది, అప్పుడు అడగలేదు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. పెరుగన్నం కూడా వాళ్ళ మాటల్లా జిడ్డుగా తగిలింది.

అందర్నీ ఒకే గాట కట్టకూడదులే. నేనూ అద్దింట్లోనే ఉంటున్నాను. మా ఓనరు పాండురంగం అన్నయ్య పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి నా గడప తొక్కలేదు పిలవకుండా. లిఫ్టు చెడిపోయినప్పుడు అరవై అయిదేళ్ళ మనిషి నా నీళ్ళ డబ్బా ఆరు అంతస్తులు మోశాడు. బాత్రూంలో దొంగతనంగా చుట్ట వెలిగించుకుంటాడు, అదొక్కటే ఆయన పాపం. ఇళ్ళల్లో మంట వెలిగించడం పెద్ద నేరం ఇప్పుడు. పొయ్యిలన్నీ కరెంటువే, దేవుడి దగ్గర కూడా బల్బే. అయినా నేనెవరికీ చెప్పలేదు.

నమోదు 2214, మంగళవారం

ఇవాళ తోలేటి నరహరి గారొచ్చారు. ఎనిమిది అంతస్తుల ఓనరు. మిగతావాళ్ళలా అరవడు, ఎంత ఓపికో! జామకాయలు తెచ్చాడు. జామకాయ చూసి ఎన్నేళ్ళయింది! బోర్డువాళ్ళు ఏమీ తీసుకోకూడదని వెనక్కి తోశాను గానీ వాసన మాత్రం పీల్చుకున్నాను, అబద్ధమెందుకు.

"ముక్తమ్మా, చట్టం నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదంటారు. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా," అన్నాడు.

మొదటిది: పొంగున్న ఇంట్లో వరసగా నలభై రోజులు పొయ్యి వెలక్కపోతే?

ఇల్లు వదిలేసినట్టే లెక్క. పొంగు పోతుంది, ఓనరు తలుపు తాళం మార్చుకోవచ్చు.

రెండోది: పొయ్యి చెడిపోతే బాగుచెయ్యడానికి ఓనరుకి ఎన్నాళ్ళు గడువు?

అద్దెవాళ్ళు ఫిర్యాదు ఇచ్చిన రోజు నించీ నలభై అయిదు రోజులు.

మూడోది: ఇంట్లో ఎవరైనా పోయి, మైల అని పొయ్యి వెలిగించకపోతే ఆ రోజులు కూడా నలభైలో కలుస్తాయా?

ఈ మూడోదానికి యంత్రం తడబడింది. "స్పష్టత లేదు" అని రాసింది. నేను దాన్ని కొట్టేశాను. పదకొండేళ్ళ అనుభవం కదా, ఆపాటి తెలీదా నాకు! "కలుస్తాయండీ. చట్టానికి చావూ తెలీదు పెళ్ళీ తెలీదు. పొయ్యి వెలిగిందా లేదా, అంతే," అని చెప్పి, అదే రాసి, మూడింటికీ వేలు పెట్టాను.

నరహరి గారు రెండు చేతులూ జోడించాడు. "సరస్వతివమ్మా నువ్వు," అన్నాడు. ఇంటికెళ్ళేదాకా ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను.

నమోదు 2231, గురువారం

ఒకమ్మాయి వచ్చింది. ఆరో నెలో ఏడో నెలో కడుపుతో ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. పేరు పైడితల్లి. కిటికీ ముందు నిలబడి, "అమ్మా, మా పొయ్యి ఎలగట్లేదమ్మా," అంది.

"ఇది ఓనర్ల కిటికీ. అద్దెవాళ్ళది ఏడోది," అన్నాను తలెత్తకుండా.

"అక్కడికే ఎల్నానమ్మా. సీటీ ఇచ్చి రెండు నెల్లాగి రమ్మన్నారు." చీటీ చూపించింది. "మా ఆయనని కన్న మావ పోనాడు. ఎండదెబ్బ. పదకొండు రోజులు పొయ్యి ముట్టించనేదు. పక్కోలే వండి పెట్టినారు. పన్నెండోనాడు సుద్ది చేసి ముట్టిద్దుము గదా అని సూత్తే ఎలగనేదు. ఆ రోజే ఓనరు బాబుకి సెప్పినాం. కాయితం కూడా ఇచ్చినాం. 'అయ్యో తల్లీ, చేయిస్తాను' అన్నాడు. ఇయ్యాల్టికి పదిహేను రోజులమ్మా పొయ్యి ఎలిగి. నలబయ్యి దాటితే ఇల్లు పోద్దంట గదా?"

"ఓనరెవరు?"

"తోలేటి నరహరి బాబు. మా మావ పోనాడని జామకాయలు కూడా అట్టుకొచ్చి ఇచ్చినాడు. మంచోడే."

నమోదు 2214 తీసి మళ్ళీ చదివాను.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. శవం లేచి వారం కాలేదు, ఈయన నా దగ్గరికొచ్చి రోజులు లెక్క కట్టుకున్నాడు. నలభై దాటితే ఇల్లు పోతుంది. బాగుచెయ్యడానికి నలభై అయిదుంది. ఫిర్యాదే పన్నెండో రోజున వచ్చింది, అంటే యాభై ఏడో రోజుదాకా ఆయన పొయ్యి ముట్టుకోనక్కర్లేదు. చట్టం ఒక్క అక్షరం తప్పకుండా వీళ్ళు వీధిన పడతారు. ఇల్లు పోయినవాళ్ళకి దిగువ షెడ్లు. మధ్యాహ్నం యాభై డిగ్రీలు, పైన రేకు. అక్కడ పుట్టిన పిల్లల సంగతి నాకు తెలుసు. రాయను.

మూడు జవాబుల కిందా నా వేలిముద్రే ఉంది. మూడోది నా సొంత తెలివి.

పైడితల్లికి ఇదేమీ చెప్పలేదు. "చూస్తానమ్మా, వెళ్ళు," అన్నాను. అది నాకు దణ్ణం పెట్టింది. 

నమోదు 2233, శుక్రవారం

సాయంత్రం సైరన్ తగ్గగానే నరహరి గారింటికి వెళ్ళాను, అదే బిల్డింగులో కింద ఉంటాడు. మజ్జిగ ఇచ్చాడు. ముట్టుకోలేదు.

"పొయ్యికి వెళ్ళే తీగ మీరే తీయించారా?" అని మొహం మీదే అడిగాను.

"శివశివా! పాత బిల్డింగు ముక్తమ్మా. ఏదో చెడుతుంది, ఏదో బాగుచేస్తాం. గడువు లోపల చేస్తాను. గడువెంతో నువ్వే చెప్పావు కదా?" నవ్వాడు. ఆ నవ్వులో ఎంత తీపో!

"ఆ పిల్ల కడుపుతో ఉందండీ."

"తెలుసమ్మా. పాపం. వాళ్ళకి మాత్రం ఈ మూడో అంతస్తు ఎక్కడం కష్టం కదూ?"

పొయ్యి పీకేసి ఒక్కో పోర్షన్‌ని నాలుగు గదులు చేస్తున్నారు ఇప్పుడందరూ. పొయ్యి లేని గదిలో పొంగుండదు, పొంగు లేనివాణ్ణి నెల తిరిగేసరికి తోసెయ్యచ్చు. పొట్లాల్లో చల్లటి తిండి తిని బతుకుతారు వాళ్ళు. నరహరికి కావలసింది అదే. ఆ మాట మాత్రం ఆయన నోటితో అనలేదు.

నమోదు 2240, గురువారం

మా అధికారి శేషాచలపతి గారి దగ్గరికి వెళ్ళాను. మైల రోజుల జవాబు తప్పు, నాదే తప్పు, దాన్ని రద్దు చెయ్యండని రాసిచ్చాను. ఇవాళ్టికి వాళ్ళ పొయ్యి ఆరి ఇరవై రెండు రోజులు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివాడు. "తప్పెక్కడుంది ముక్తగారూ? మూడూ చట్టప్రకారమే ఉన్నాయి."

"విడివిడిగా చట్టమేనండీ. కలిపితే హత్య."

"మనం కలిపి ఇవ్వలేదు కదా. విడివిడిగానే ఇచ్చాం." ఇంకో కాగితం తీశాడు. "నిజానికి ఇంత స్పష్టమైన జవాబులు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదు. అన్ని ఊళ్ళ బోర్డులకీ మాదిరి జవాబులుగా అచ్చేయించమని పైనించి చెప్పారు. మీ పేరుతోనే."

వెనకటివాళ్ళు చట్టం రాశారు, నేను జవాబిచ్చాను, ఈయన అచ్చేయిస్తాడు, నరహరి తాళం మారుస్తాడు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి పిడికిలీ బరువుగా ఉండదు, అందుకే అందరికీ రాత్రి నిద్ర పడుతుంది.

"ఏడో కిటికీ వాళ్ళకి చెప్పి ఆ అమ్మాయి ఫిర్యాదు ముందుకి జరిపించండి పోనీ," అన్నాను.

"అది అద్దెవాళ్ళ విభాగం. మనం జోక్యం చేసుకుంటే పక్షపాతం అవుతుంది."

థూ. అక్కడ ఉమ్మలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నమోదు 2252, శుక్రవారం

ముప్ఫై రోజులు.

అచ్చు కాగితాలు వచ్చాయి. నా బల్ల పక్కన కట్టలు కట్టలుగా పేర్చారు. "మాదిరి జవాబులు. ఇచ్చినవారు: ముక్తేశ్వరి, ఎగువపాలెం." హాల్లోకొచ్చిన ఓనరల్లా ఒకటి తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు, ప్రసాదంలాగా.

ఇవాళ ఒక్కరోజే పొయ్యి ప్రశ్న పద్నాలుగుమంది అడిగారు. ముందు కాస్త సిగ్గుపడి గొంతు తగ్గించేవాళ్ళు, ఇప్పుడదీ లేదు. "మా అద్దెవాళ్ళింట్లో ముసలాయన మంచం మీదున్నాడండీ. ఆయన పోయిన రోజు నించీ లెక్కా, మర్నాటి నించా?" అని ఒకావిడ. ఆయన ఇంకా బతికే ఉన్నాడు! ఇంకొకడు, "పొయ్యి ఎప్పుడు చెడితే బాగుంటుందంటారు?" అని సలహా అడిగాడు, ముహూర్తం అడిగినట్టు.

నేను అరిచాను. "సిగ్గూ శరం ఉన్నాయా మీకు! అన్నం తింటున్నారా గడ్డి తింటున్నారా?" అని కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచాను. హాల్లో వెనకనించి ఎవరో, "ఎండ కదా, పాపం ఆవిడకి ఒంట్లో బాలేనట్టుంది," అన్నారు. మంచినీళ్ళు తెచ్చిచ్చారు. అందరూ ఎంత మంచివాళ్ళో.

రాత్రి పాండురంగం అన్నయ్య వచ్చి, "ఏంటి చెల్లెమ్మా, చిక్కిపోయావు?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మనుషులేనా వీళ్ళు," అన్నాడు. ఆ మాటతో నాకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

నమోదు 2258, బుధవారం

ముప్ఫై అయిదు.

పాత చట్టం పుస్తకం తీశాను. యంత్రంలో ఉన్నది కాదు, మొదట అచ్చయిన పుస్తకం. పలకల చాప్టరు. "ఆ ఇంటి పొయ్యి గానీ, మంట గానీ పలకపై వెలిగినచో" నలభై రోజుల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. బ్యాటరీ పొయ్యిలు పనికిరావు, మోసాలు జరుగుతాయని కొట్టేశారు. మంట అన్న మాట మాత్రం కొట్టెయ్యలేదు. అప్పటికింకా మంట నేరం కాదు. మంట నిషేధం తర్వాత వచ్చింది, ఏడెనిమిది బిల్డింగులు తగలబడ్డాక. ఆ నిషేధం ఈ మాటని ముట్టుకోలేదు. నాలుగుసార్లు చదివాను.

కాబట్టి పలక మీద మంట వెలిగితే పైడితల్లి ఇల్లు నిలబడుతుంది. కానీ నిషేధం ప్రకారం మంట వెలిగించినవాళ్ళ పొంగు, వాళ్ళ ఓనరు నెలలోపు కోరితే, రద్దు. పైడితల్లో దాని మొగుడు సింహాద్రో వెలిగిస్తే, ఒక చేత్తో ఇల్లు నిలబెట్టుకుని ఇంకో చేత్తో పోగొట్టుకుంటారు. నరహరి కోరకుండా ఉంటాడా!

ఇంకెవరైనా వెలిగించాలి. వాళ్ళ ఓనరు అడగనివాడై ఉండాలి.

మా పాండురంగం అన్నయ్య అడగడు. పందొమ్మిదేళ్ళు.

నమోదు 2261, శనివారం

ముప్ఫై ఎనిమిది. నిన్న రాత్రి అన్నయ్యని లైటరు అడిగాను. "చుట్ట మొదలెట్టావా ఏంటి చెల్లెమ్మా?" అని నవ్వుతూ ఇచ్చాడు. దేనికో చెప్పలేదు. చెబితే ఆయన్ని కూడా ఇరికించినట్టవుతుంది.

సాయంత్రం సైరన్ తగ్గాక ఒక సంచీ పట్టుకుని నరహరి బిల్డింగుకి వెళ్ళాను. సంచీలో ఇనప మూకుడు, ఆఫీసులో విరిగిన కుర్చీ కాలు, మాదిరి జవాబుల కట్టలు రెండు. కాగితం మంచి మందంగా ఉంది, బాగా మండుతుంది.

పైడితల్లి తలుపు తీసింది. సింహాద్రి అప్పుడే పనినించి వచ్చాడు, కప్పుల మీద సోలార్ పలకలు తుడిచే పని, మొహమంతా బొబ్బలు. విషయం చెప్పాను. నా జవాబులవల్లే ఇదంతా జరిగిందని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను.

సింహాద్రి నా సంచీలోకి తొంగిచూశాడు. "మరి నీ ఇల్లో అమ్మా?" అన్నాడు.

"మా ఓనరు అడగడు."

"అడిగితే?"

"అడగడు అన్నాను కదా! దూరంగా నిలబడండి ఇద్దరూ. చెయ్యి కూడా తగలనివ్వకండి."

పొయ్యి మీది కరెంటు చక్రం పక్కకి తీసి, పలక మీద మూకుడు పెట్టి, కాగితాలు చింపి వేశాను. పైడితల్లి వెనకనించి, "ఒట్టి మంట ఎలిగించకూడదమ్మా, ఇంటికి మంచిది కాదు," అంది. చావుమైల పదకొండు రోజులు పాటించి ఇంత తెచ్చుకున్నారు, ఇంకా ఆచారమే! తిట్టబోయి, గిన్నెలో గుప్పెడు బియ్యం, నీళ్ళు పోసి పెట్టాను. లైటరు నొక్కాను.

కాగితం అంటుకుంది. నా పేరు ముందు నల్లబడి తర్వాత వంకర తిరిగింది. కుర్చీ కాలుకి వేసిన రంగు కాలి పరమ దరిద్రమైన కంపు. పొగ. పలక అంచున ఎర్రదీపం ఒకసారి ఆరి పచ్చగా వెలిగింది. వెంటనే బిల్డింగంతా గంటలు.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "బోర్డు ముక్తమ్మగారు కదా మీరు!" అన్నాడు తెల్లబోయి. "అవును నాయనా, నేనే వెలిగించాను. ఎక్కడ వేలు పెట్టాలో చెప్పు," అన్నాను.

వాడి వెనకాలే నరహరి. మొదటిసారి ఆయన మొహంలో తీపి లేదు. "ఇదేం పని ముక్తమ్మా! మంట నిషేధం!"

"నిషేధం వెలిగించినవాళ్ళకి. పలకకి కాదు. పుస్తకం చూసుకోండి."

"నీకేం లాభం దీనివల్ల?"

నిజంగా అర్థం కాక అడిగాడు. ఆ మొహం చూస్తే నాకు కోపం కూడా రాలేదు, చెప్పు కింద మెత్తగా ఏదో తగిలినట్టనిపించింది.

అన్నం సగమే ఉడికింది, పొగ వాసన. ముగ్గురం కూర్చుని ఆవకాయ వేసుకుని తిన్నాం. నలభై రోజుల లెక్క ఇవాళ్టి నించీ మళ్ళీ మొదలు. ఈలోపల నరహరి గడువు ముగుస్తుంది, పొయ్యి బాగుచెయ్యక తప్పదు. వచ్చేముందు పైడితల్లి నా చెయ్యి పట్టుకుని, "ఏటైనా అయితే మా ఇంటికి వొచ్చీ అమ్మా," అంది. "అలాగే, పదిహేను రోజులు చుట్టాన్నవుతాను," అన్నాను. నవ్వింది. ఆ పిల్ల నవ్వితే పళ్ళు కొంచెం ఎత్తు అని ఇవాళే చూశాను.

నమోదు 2279, సోమవారం

నా మీద విచారణ వేశారు. అయితే విచారణ ముగిసేదాకా కిటికీలో నన్నే కూర్చోమన్నారు, ఈ సీట్లోకి ఇంకెవరూ రామన్నారట. నరహరి పొయ్యి బాగుచేయించాడు. శనివారం పైడితల్లి నాకు ఉప్మా పంపించింది, సింహాద్రి చేత.

ఇవాళ పదిన్నరకి పాండురంగం అన్నయ్య హాల్లో కనిపించాడు. నాకేదో తెచ్చాడనుకున్నాను. చూస్తే వరసలో నిలబడ్డాడు. చేతిలో నంబరు చీటీ.

వంతు వచ్చాక కిటికీ ముందు కూర్చున్నాడు. నా వైపు చూడలేదు, బల్ల అంచుకేసి చూశాడు. "ఏమీ అనుకోకు చెల్లెమ్మా. ఇంకెవరినైనా అడుగుదామంటే ఓనర్ల కిటికీ ఇదొక్కటే కదా."

"అడగండి అన్నయ్యా."

"అద్దెకున్నవాళ్ళు వేరే చోట మంట వెలిగించారని బోర్డు నించి కాగితం వచ్చింది. నెలలోపు అడిగితే పొంగు రద్దవుతుందని ఉంది. నిజమేనా?"

"నిజమే."

"నేనడగనన్నాను. మా అల్లుడే, నాలుగు గదులు చేద్దాం, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు అని..." జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు పైడితల్లి సంగతి విన్నప్పుడు కూడా ఇలాగే తుడుచుకున్నాడు, అవే కన్నీళ్ళు. "నాకు ఎంత బాధగా ఉందో నీకు తెలీదు."

"ప్రశ్న ఇంకా ఉందా అన్నయ్యా?"

"ఖాళీ చెయ్యడానికి ఎన్నాళ్ళు గడువివ్వాలి?"

యంత్రం రాసింది. నేను చదివాను. "ఒక రోజు నించీ ముప్ఫై రోజుల లోపు ఎంతైనా ఇవ్వచ్చు. ఓనరు ఇష్టం."

ఆయన మొదటిసారి తలెత్తి నాకేసి చూశాడు. "మామూలుగా ఎంతిస్తారు చెల్లెమ్మా?"

అబద్ధం చెప్పచ్చు. ముప్ఫై అంటే ముప్ఫై ఇచ్చేవాడు, మొహమాటస్తుడు. కానీ ఈ కిటికీలో పదకొండేళ్ళు నిజమే చెప్పాను. ఆయన ఏం చేస్తాడో చూడాలని కూడా అనిపించింది.

"మామూలుగా ఒక రోజే ఇస్తారు," అన్నాను.

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే మామూలుగానే కానియ్యమ్మా," అన్నాడు.

కాగితం మీద వేలు పెట్టి ఇచ్చాను. ఆయన దణ్ణం పెట్టి లేచాడు. హాల్లో ఇంకా పదిహేడుమంది ఉన్నారు.